చదరంగమున ఆరంభపు టెత్తులు: సుల్తాన్ ఖాన్ ఆడిన యొక యాట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



చదరంగము పనిలేనివారి కాలక్షేపమను మాట పల్లెలలో తరచుగా వినబడును. రచ్చబండ మీదను, ఆలయ మంటపములందును గీసిన గడులలో పావులు జరుపుచు పగలంతయు గడపువారిని చూచి పెద్దలు విసుగుకొనుటయు కలదు. ఆ విసుగులో న్యాయము లేకపోలేదు. అయినను ఆ యాటకును గ్రంథాలయమునకును ఒక దగ్గర సంబంధ మున్నది. చదరంగమున ఆడిన ప్రతి యెత్తును వ్రాసి యుంచవచ్చును. పెద్ద పోటీలలో ఆటగాండ్రిద్దరును తమ యెత్తులను తామే కాగితముపై వ్రాసికొనవలెనను నిబంధన కలదు. అట్లు వ్రాయబడిన యాటను ఆడినవారు గతించిన పిమ్మటనైనను బల్లపై పావులు పేర్చి మొదటి నుండి తుద వరకు తిరిగి చూడవచ్చును. పూర్వపు మల్లుల పట్టులు గాని, గాయకుల కంఠములు గాని మనకట్లు దక్కలేదు.

ఈ ప్రసంగమునకు విషయమైన యాట అట్లు దక్కినది. 1930వ సంవత్సరము ముగిసి 1931 ప్రారంభమగు దినములలో, ఇంగ్లండు దేశమున సముద్రతీరమందున్న హేస్టింగ్సు పట్టణమున జరిగిన పోటీలో, పంజాబు వాస్తవ్యుడైన మీర్ సుల్తాన్ ఖాన్‌కును, క్యూబా దేశీయుడైన హోసే రౌల్ కాపబ్లాంకాకును ఆ యాట జరిగెను. విద్య పుస్తకమువలన వచ్చునా, స్వబుద్ధివలన వచ్చునా అని చిరకాలముగా నడచుచున్న వాదమున కీ యాట మంచి నిదర్శనము. ఇరుపక్షములవారును దీనిని తమకే సాక్ష్యముగా చెప్పుకొనుట కలదు. కావున దానిని నిదానముగా విచారింపవలసి యున్నది.

మొదట ఆట పుట్టుపూర్వోత్తరములు కొంత తెలియవలెను. చతురంగ మనగా రథ గజ తురగ పదాతులతో గూడిన సేన. ఏడవ శతాబ్దమున హర్షచక్రవర్తి యాస్థానమందుండిన బాణభట్టు తన హర్షచరితమున నీ చతురంగమును పేర్కొనెను. ఈ దేశమునుండి యది పారశీకమునకు బోయి చత్రంగ్ అయ్యెను. అరబ్బులకడ శత్రంజ్ అయ్యెను. వారి మూలమున ఐరోపా చేరెను. పూర్వము మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే కదలెడివాడు. పదునైదవ శతాబ్దపు చివరి భాగమున ఐరోపావారు మంత్రిని రాణిగా జేసి, నాలుగు దిక్కులకును నాలుగు మూలలకును ఎంత దూరమైనను పోగల బలము నొసంగిరి. ప్రతి బంటును మొదటి యెత్తున రెండు గడులు పోవచ్చునను నియమమును వారిదే. భారతదేశపు పల్లెటూళ్ళలో మాత్రము బంటు మొదటినుండియు ఒక్కొక్క గడియే నడచుచు వచ్చెను. ఆవలి యంచునకు చేరిన బంటు ఆ వరుసకు చెందిన పావుగా మాత్రమే మారును. రాజును కోటలో పెట్టు పద్ధతియు వేరు. రాజు ఒక్క పర్యాయము గుర్రము వలె దుముకవచ్చునని యిచ్చటి ఆచారము. ఈ తీరులు ప్రాంతమునకు కొంత మారుచుండెడివి.

ఈ భేదము స్వల్పముగా గనబడినను దాని ఫలము గొప్పది. బంటు రెండు గడులు పోవు ఆటలో సేనలు త్వరగా ఎదురుపడును. తొలి పదియెత్తులలో చేసిన తప్పు ఆటనంతను చెరుపును. అందుచేత ఐరోపావారు ఆరంభపు టెత్తులను శాస్త్రముగా పరిశోధించిరి. 1497లో స్పెయిను దేశస్థుడైన లుసేనా చదరంగముపై గ్రంథమును అచ్చు వేయించెను. 1561లో రూయ్ లోపెజ్ అను క్రైస్తవ పురోహితుడు మరియొక గ్రంథమును వెలువరించెను. ఆయన పేరిట ఒక ఆరంభము నేటికిని వ్యవహారమున నున్నది. తరువాత నాలుగు వందల ఏండ్లలో ఒక్కొక్క ఆరంభమునకు ఒక్కొక్క పేరును, ఒక్కొక్క పేరునకు పెద్ద పుస్తకములును ఏర్పడినవి. ఇట్టి పుస్తకము చదివినవాడు పదియెత్తుల వరకు తన బుద్ధితో పనిలేకయే నడువగలడు. చదువనివాడు ఆ పదియెత్తులలోనే పడవచ్చును.

సుల్తాన్ ఖాన్ చదువనివాడుగా నా రంగమున కాలిడెను. ఆయన జన్మస్థానము నేడు పాకిస్తానమందున్న మిఠా తివానా గ్రామము. బాల్యముననే తండ్రివద్ద దేశీయ చదరంగము నేర్చెను. నవాబు సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఆయన నేర్పు గుర్తించి తన యాశ్రయమున నుంచుకొని, పాశ్చాత్య పద్ధతిని నేర్పించెను. 1928లో సుల్తాన్ ఖాన్ అఖిల భారత చాంపియన్ అయ్యెను. 1929లో నవాబుతో గూడ లండను చేరెను. ఆయన నిరక్షరాస్యుడని పలువురు వ్రాసిరి. వంశీయులు తరువాత దానిని ఖండించిరి. ఏది యెట్లున్నను, ఐరోపా ఆటగాండ్రు బాల్యమునుండి చదివిన ఆరంభ గ్రంథములు ఆయనకు అందలేదన్నది నిర్వివాదము. విలియం వింటర్, ఫ్రెడరిక్ యేట్స్ అను ఇంగ్లీషు ఆటగాండ్రు ఆయనకు కొంత శిక్షణ యిచ్చిరి. ఆ యేడే రామ్స్‌గేటున జరిగిన పోటీలో ఆయన బ్రిటిషు చాంపియన్ అయ్యెను. వచ్చి కొన్ని మాసములే. లోకమాశ్చర్యపడెను.

ఎదుటివాడు సామాన్యుడు గాడు. కాపబ్లాంకా 1921 నుండి 1927 వరకు ప్రపంచ చాంపియన్. 1916 మొదలు 1924 వరకు ఎనిమిదేండ్లు పోటీ యాటలలో ఒక్కటియు ఓడలేదు. 1927లో బ్యూనస్ ఎయిర్స్ నగరమున అలేహిన్ ఆయనను జయించి కిరీటము గైకొనెను గాని, ఆయన కీర్తికి లోపము రాలేదు. పావులు తగ్గిన చివరి యాటలో ఆయనకు సాటి లేడని ప్రతీతి.

ఆ దినమున కాపబ్లాంకా ఎంచుకొన్న ఆరంభము పేరు వింతగొలుపును. దానిని పాశ్చాత్యులు రాణివైపు భారతీయ రక్షణ యందురు. తెలుగున మంత్రివైపు భారతీయ రక్షణ యనవచ్చును. ఈ పేరునకు కారణము కలదు. 1850 ప్రాంతమున కలకత్తాలో జాన్ కాక్రేన్ అను న్యాయవాది మహేశచంద్ర బెనర్జీ అను బంగాళీ ఆటగానితో అనేకమైన ఆటలాడెను. బంటును ఒక్క గడియే నడిపి, ప్రక్కనుండి శకటును మూలదారిలో నిలుపుట మహేశచంద్రుని యలవాటు. ఆ యాటల వ్రాతలు ఇంగ్లండు చేరినవి. అప్పటినుండి అట్టి యారంభములకు భారతీయములను పేరు స్థిరపడెను. కావున హేస్టింగ్సులో భారతీయుని యెదుట క్యూబా దేశీయుడు భారతీయ రక్షణ నాడెను!

ఇక ఆట. తెల్లపావులు సుల్తాన్ ఖాన్‌వి, నల్లపావులు కాపబ్లాంకావి. తెలుపు మొదట రాజువైపు గుర్రమును వెలికి దెచ్చెను. పిదప మంత్రి ముందరి బంటును, దాని ప్రక్కనున్న శకటు ముందరి బంటును రెండేసి గడులు నడిపెను. నలుపు గుర్రమును దెచ్చి, మంత్రివైపు గుర్రము ముందరి బంటును ఒక గడి జరిపి, ఆ ఖాళీలో మూడవ యెత్తున శకటును నిలిపెను. ఆ శకటు చూపు బల్ల నడుమనుండి ఎదుటి మూలవరకు సాగును. ఈ ఆరంభమునకు ప్రాణము ఆ శకటే.

తెలుపు రెండవ గుర్రమును దెచ్చిన పిమ్మట, అయిదవ యెత్తున అంచుననున్న ఏనుగు ముందరి బంటును ఒక్క గడి జరిపెను. ఇది చూచువారికి మందకొడి యెత్తుగా దోచును. పావులను త్వరగా దింపవలసిన వేళ అంచు బంటుతో పనియేమి? కాని దానికొక ప్రయోజన మున్నది. నలుపు రెండవ శకటు ముందునకు వచ్చి తెల్లగుర్రమును కట్టివేయు గడిని ఆ చిన్న బంటు కాపాడినది. నలుపు మంత్రి ముందరి బంటును రెండు గడులు నడిపి నడుమ నిలిపెను. ఆరవ యెత్తున తెలుపు ఆ బంటును కొట్టెను. నలుపు రాజు ముందరి బంటుతో దిరిగి కొట్టెను.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. తిరిగి కొట్టిన నల్లబంటు సరిగా తన శకటు చూపునకు అడ్డుగా నిలిచినది. పదునేడవ యెత్తున గుర్రములు మార్చుకొన్నప్పుడు మరియొక నల్లబంటు అదే మూలదారిలో దాని ముందు జేరెను. ఒకే దారిలో సొంత బంట్లు రెండు! మూడవ యెత్తున ఏ యాశతో శకటు అచ్చట కూర్చున్నదో ఆ యాశ యంతయు మూతపడెను. ఆ శకటు మరల కదలినది 52వ యెత్తున. కనుక ఆరంభమున జరిగిన యొక్క మార్పు నలువదియెత్తులకు పైగా ఒక పావును గృహనిర్బంధమున నుంచినది.

ఈలోగా తెలుపు తన గుర్రమును ముందుకు దుమికించి నలుపు రెండవ శకటును మార్చుకొనెను. తెలుపుకు శకట్లు రెండును మిగిలినవి. రాజును కోటలో పెట్టుకొనక, రాజువైపు అంచు బంట్లను ముందుకు నడపెను. నలుపు నడుమ తెరచియున్న వరుసలో ఏనుగులను రెంటిని ఒకదాని వెనుక నొకటి నిలిపెను. ఇరువదవ యెత్తున తెల్లబంటు నల్లగుర్రమును వెనుకకు తరిమెను. ఇరువది యొకటవ యెత్తున తెల్లశకటు వచ్చి వెనుకనున్న ఏనుగుపై దృష్టి నిలిపెను.

అప్పుడు కాపబ్లాంకా ఒక సాహసము చేసెను. ముందరి ఏనుగును తెలుపు ఇంటి వరుసకే దింపి రాజునకు షా చెప్పెను. తెల్లఏనుగు దానిని కొట్టినచో నలుపు మరల కొట్టుచు రాజునకు షా చెప్పి, మూలనున్న రెండవ ఏనుగును గూడ గైకొనును. సుల్తాన్ ఖాన్ కొట్టలేదు. రాజును ఒక గడి జరిపెను. వెంటనే రెండవ ఏనుగు వచ్చి షా చెప్పెను. తెలుపు మంత్రి ఆ యేనుగును కొట్టెను; మొదటి యేనుగు మంత్రిని కొట్టెను; రాజు ఆ యేనుగును కొట్టెను. ధూళి యడగిన పిమ్మట చూడగా తెలుపు మంత్రి పోయెను. నలుపు ఏనుగులు రెండును పోయినవి.

లెక్క చూడవలెను. వాడుకలో బంటు విలువ 1, గుర్రము, శకటు 3, ఏనుగు 5, మంత్రి 9 అని యెంతురు. తెలుపు 9 ఇచ్చి 10 పుచ్చుకొనెను. పద్దు చూచినచో తేడా ఒక్క బంటు మాత్రమే. కాని మిగిలిన మంత్రి కాపబ్లాంకా చేతిలో నున్నది. తెలుపు రాజు కోట లేక నడిబయలున నున్నాడు. ఆ స్థితిలో మంత్రి పది దిక్కుల తిరిగి షాలు చెప్పి ఆట గెలుచునని తలచుట సహజము. నలుపు మంత్రి మొదట అట్లే విజృంభించి తెలుపు కోటలోనికి చొరబడి వెనుకటి బంటుపై పడెను.

సుల్తాన్ ఖాన్ తొందరపడలేదు. మూలనున్న యేనుగును ప్రక్కకు జరిపి ఆ బంటును కాపాడెను. రెండవ యేనుగుతో తెరచియున్న వరుసను ఆక్రమించెను. బంట్లను ఒకదాని కొకటి ఆసరాగా నిలిపెను. మంత్రి బలము దారులలో నున్నది. దారులు మూసినచో మంత్రి కూడ దిక్కులేని బాటసారియే. 35వ యెత్తు మొదలు నలుపు మంత్రి రాజువైపు అంచుకు బోయి, అచ్చటి గడులలో ముందునకును వెనుకకును తిరుగుచుండెను. చేయదగిన పని కనబడలేదు. ఇరువదవ యెత్తున వెనుకకు బోయిన గుర్రము నడుమనున్న తన బంటును కాచుకొనుచు 63వ యెత్తువరకు కదలలేదు. శకటు గతి ముందే చెప్పబడినది. తెల్లరాజు మాత్రము తన బంట్ల వెనుక మెల్లగా నడచుచు ఒక యంచు చేరెను.

అటుపిమ్మట తెలుపు మంత్రివైపు బంట్లను ఒక్కొక్క గడి చొప్పున నడిపెను. 45వ యెత్తున ఒక బంటు అయిదవ వరుస చేరెను. దాని యండతో 53వ యెత్తున ఏనుగు శత్రువుల నడుమ తిష్ఠ వేసెను. 59వ యెత్తున నలుపు మంత్రి ఒక బంటును కొట్టెను గాని, అప్పటికే ఆలస్యమయ్యెను. 61వ యెత్తున తెల్లయేనుగు నల్లబంటును కొట్టి దారి చేసెను. 63వ యెత్తున తెల్లబంటు ఆ దారిలో ముందుకు నడచెను. 65వ యెత్తున ఏనుగు చివరి వరుసకు బోయి బంటునకు మార్గము విడిచెను. ఇక ఆ బంటు నాపుట కష్టమని గ్రహించి కాపబ్లాంకా ఓటమి నంగీకరించెను. ఆ పోటీలో హాలెండు దేశపు మాక్స్ యూవే ప్రథముడు, కాపబ్లాంకా ద్వితీయుడు, సుల్తాన్ ఖాన్ తృతీయుడు. ఆ యూవేయే 1935లో ప్రపంచ చాంపియన్ అయ్యెను.

పుస్తకము అక్కరలేదనువారు ఈ యాటను చూపి, గ్రంథములు చదివిన ప్రపంచవీరుని చదువనివాడు గెలిచెను గదా యందురు. ఆ మాట నిలువదు. ఆరంభములు తెలియక సుల్తాన్ ఖాన్ ఇతరములైన ఆటలలో పలుమార్లు చిక్కులలో పడెను. గెలువవలసిన బలమును తొలియెత్తుల కష్టములు దీర్చుకొనుటకే వ్యయపరచవలసి వచ్చెను. కాపబ్లాంకా స్వయముగా నీ విషయమును వ్రాసెను: నియమములు వేరైన ఆట నేర్చి, ఆరంభముల పరిచయము లేకయే చాంపియన్ అగుట అసాధారణ ప్రతిభకు లక్షణమని ఆయన అభిప్రాయము. ఓడినవాడు గెలిచినవాని గూర్చి యిట్లు వ్రాయుట ఔదార్యము. అందులోనే పుస్తకము లేని లోటు ఎంతటిదో కూడ తెలియుచున్నది.

పుస్తకమే సర్వస్వమనువారి మాటయు నిలువదు. అయిదవ యెత్తున ఆడిన ఆ చిన్న అంచు బంటు కథ వినదగినది. తరువాతి కాలమున, 1963 నుండి 1969 వరకు ప్రపంచ చాంపియన్‌గా నుండిన టిగ్రాన్ పెట్రోస్యాన్ అట్టి యెత్తునే తన యాయుధముగా జేసికొనెను. నేడు పుస్తకములలో అది పెట్రోస్యాన్ పద్ధతి యని పేర్కొనబడును. 1985లో ప్రపంచ చాంపియన్ అయిన గారీ కాస్పరోవ్ దానితో అనేక విజయములు గడించెను. పుస్తకము లేనివాని బల్లపై నాడు కనబడిన యెత్తు తరువాతి తరమునకు పాఠమయ్యెను. పుస్తకములు అట్లే పుట్టును. ఎవరో యొకరు తమ బుద్ధితో నొక పని చేయుదురు. వేరొకరు దానిని వ్రాసి యుంచుదురు. మూడవవారు చదివి మేలు పొందుదురు.

సుల్తాన్ ఖాన్ 1932లోను 1933లోను మరల బ్రిటిషు చాంపియన్ అయ్యెను. హాంబర్గు, ప్రాగు, ఫోక్‌స్టన్ పట్టణములలో జరిగిన ఒలింపియాడ్ పోటీలలో ఇంగ్లండు పక్షమున మొదటి బల్లపై ఆడెను. ఆ నవాబు పరివారమునందలి ఫాతిమా అను యువతి 1933లో బ్రిటిషు మహిళా చాంపియన్ అయ్యెననుట మన సోదరీమణులు గమనింపదగినది. ఆ యేడాది చివర నవాబుతో గూడ సుల్తాన్ ఖాన్ స్వదేశమునకు మరలి వచ్చెను. ఆయన ఐరోపా వాసము అయిదేండ్లకు లోపే. తరువాత అట్టి పోటీలు ఆయనకు దక్కలేదు. 1950లో అంతర్జాతీయ చదరంగ సంఘము మొదటిసారిగా గ్రాండ్‌మాస్టర్ బిరుదులు పంచినప్పుడు, వృద్ధులైన పూర్వవీరులు కొందరిని స్మరించినను ఆయనను స్మరింపలేదు. 1966లో సర్గోధాలో ఆయన మరణించెను. 2024లో ఆ సంఘము ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు నొసంగెను. అప్పటికి ఆయన గతించి 58 ఏండ్లు.

ఆయన తన యాటపై గ్రంథము వ్రాయలేదు. మంత్రి నిచ్చి ఏనుగులను గైకొన్న నాడు ఆయన మనస్సున నడచిన లెక్క యెట్టిదో, దేశీయ చదరంగమునుండి ఆయన వెంట దెచ్చుకొన్న మెళకువలు ఎట్టివో ఆయనతోనే పోయినవి. మిగిలినది 65 యెత్తుల పట్టిక మాత్రమే. ఆ పట్టిక యున్నందుననే 2024లో ఆయన ప్రతిభను గుర్తింప వీలయ్యెను. అదియును లేనియెడల బిరుదు నీయదగిన యాధారమే యుండెడిది కాదు.

గ్రామములలో నిట్టివారు ఎందరో గతించిరి. మేఘమును చూచి వాన చెప్పగలవారు, మట్టిని నలిపి పైరు నిర్ణయింపగలవారు, నోటిలెక్కతో భూమి విస్తీర్ణము తేల్చగలవారు ఉండిరి. వారి విద్య వ్రాతలోనికి రానందున వారితో ముగిసెను. గ్రంథాలయము చదువువారికి పుస్తకము లిచ్చుటతో తృప్తి పడరాదు. ఊరనున్న విద్యను వ్రాయించి భద్రపరచుటయు దాని ధర్మమే. మరియు బుద్ధి గల బాలురకు, బాలికలకు సకాలమున పుస్తక మందించుటయు దాని ధర్మమే. గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి బాల్యముననే తండ్రి శిక్షణ పొంది, 2002లో, పదునైదేండ్ల ప్రాయమున గ్రాండ్‌మాస్టర్ అయ్యెను. సుల్తాన్ ఖాన్‌కు ఇరువదేండ్లు దాటిన పిమ్మట అందినది ఆమెకు ఆరేడేండ్లకే అందినది. ప్రతిభ ఎచ్చట పుట్టునో చెప్పుట కష్టము. అది పుట్టినచోట పుస్తక మందుబాటులో నుంచుట గ్రామస్థుల చేతిలోని పని.

కావున రజతోత్సవ స్మారకముగా రెండు కార్యములు తలపెట్టిన బాగుండును. గ్రంథాలయపు పఠన మందిరమున ఒక బల్లయు, పావులును, చదరంగ గ్రంథములు కొన్నియు నుంచవలెను. ఆడువారు తమ యెత్తులను వ్రాయవలెనను నియమము పెట్టవలెను. రెండవది, ఒక చిట్టా పుస్తకము నుంచి, ఊరి పెద్దలకు తెలిసిన పనిపాటలను వారి నోట విని పిల్లలచేత వ్రాయింపవలెను. రెంటికిని అగు వ్యయము స్వల్పము. ఇరువదియైదేండ్ల తరువాత స్వర్ణోత్సవ దినమున ఆ చిట్టా తెరచి చూచువారికి నేటి గ్రామము కొంతయైనను కనబడును.

స్వస్తి.